ఉందిలే పిన్నీ

జనవరి 12

ఒసేయ్ పిడుగూ,

మీ పిన్ని క్షేమమే. గొంతు పోయింది కానీ నోరు తగ్గలేదు, అది నీకు తెలియనిదేం కాదు.

హాయిగా మెయిల్ పెట్టుకోక ఈ కాగితాలేమిటి, ఈ పోస్టేమిటి అని నవ్వుకుంటున్నావేమో. ఏం చెయ్యను? కంప్యూటర్లో నేనేం టైపు చేసినా నువ్వు పెట్టిన చిలక ప్రోగ్రాం పైకి చదివేస్తుంది. ఆపొచ్చటగానీ నాకు గుర్తుండి చావదు. నీ మెయిల్ వచ్చినా మీ బాబాయి ముందు తను చదివించుకుని వింటారు. ఇక మా ఇంట్లో రహస్యమన్నది చేతిరాతలో తప్ప నిలవదు. ఆయనకి వెలుతురూ నీడా తెలుస్తాయి తప్ప అక్షరం కనపడదు కదా, ఆయన ఎదురుగా కూర్చునే ఆయన మీద చాడీలు రాసుకోవచ్చు. ఇప్పుడు చేస్తున్నది అదే. ఎదురుగా కూర్చుని ఎవరిదో చొక్కాకి బొత్తాలు కుడుతున్నారు. షుగరు కళ్లు తీసుకుంది కానీ టైలరు చేతులు తీసుకోలేకపోయింది.

సంగతేమిటంటే, గొంతు ఆపరేషన్‌కి ముందు నన్ను ఒక గదిలో కుదేసి, కిటికీలకి దుప్పట్లు కట్టి, గొంతు నొప్పిగా ఉందే అన్నా వినకుండా పేజీలకి పేజీలు చదివించి రికార్డు చేశావు చూడు, అప్పుడు నిన్ను బాగా తిట్టుకున్నాను. ఇప్పుడు చిలక అదే గొంతుతో మాట్లాడుతుంటే డ్రైవింగ్ స్కూల్లో పిల్లలు "హమ్మయ్య, మేడమ్ మళ్లీ తిడుతున్నారు" అని సంబరపడుతున్నారు. కారులో పక్కన కూర్చుని బ్రేకు, బ్రేకు అని అరిచే యోగం ఎలాగూ లేదు. రోడ్డు రూల్సు క్లాసు మాత్రం చిలకతోనే నడిపిస్తున్నా.

కానీ అది వట్టి నత్తే. టైపు చేసి నొక్కాక, ఆలోచించి ఆలోచించి అప్పుడు నోరు విప్పుతుంది. దీంతో క్లాసు చెప్పొచ్చుగానీ మొగుడితో పోట్లాడలేం. నా మాట బయటికొచ్చేసరికి ఆయన ఇంకో గొడవలోకి వెళ్లిపోతారు. నిన్న ఆయన కత్తెర ఏదని అడిగారు. నేను టైపు చేశాను. ఈలోగా ఆయన, "అవునూ, మీ అక్క ఎలా ఉందిట?" అన్నారు. అప్పుడు పలికింది చిలక: "తుప్పు పట్టిపోయింది, అవతల పారేయండి." ఇప్పటిదాకా నవ్వుతూనే ఉన్నారు. మీ అమ్మతో అనకు.

దీనికేమైనా మందుందా?

ఇంకో మాట. మీ బాబాయి అడగమన్నారు. నా గొంతు రికార్డింగులు నీ దగ్గర ఒక కాపీ ఉందిగా? కొలతలు ఒక్కచోటే రాసుకున్నవాడు ఎప్పటికైనా ఏడుస్తాడని ఆయన సిద్ధాంతం.

అరవలేని మీ పిన్ని


జనవరి 20

పిన్నీ,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి పగలబడి నవ్వితే పక్కసీటాయన భయపడ్డాడు. అమ్మకి చెప్పనులే, కానీ ఇక నుంచి నీ గుట్టు నా చేతిలో ఉంది.

మందుంది. నేనే తయారుచేశాను. అయితే అది ఇంకా షాపుకి రాలేదు. విను. చిలకని మేం కొంతమందిమి తీరిక వేళల్లో ఊరికే రాస్తుంటాం. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశామో చూడొచ్చు, మార్చుకోవచ్చు. అంతా సరిచూసి ఎప్పుడో ఒకసారి మూటకట్టి బయటికి వదులుతాం. నీ దగ్గరున్నది ఆ మూటే, పాతది. రోజూ మేం రాసేదీ కొట్టేసేదీ నెట్‌లో వేరే చోట ఉంటుంది. రిపాజిటరీ అంటాం. నీ నత్త జబ్బు పోయిన నెలలోనే అక్కడ నయం చేశాను. అది మూటలోకి ఎక్కేసరికి వానాకాలం వచ్చేస్తుంది. అందుకని నువ్వే అక్కణ్ణించి సోర్సు, అంటే మేం రాసిన అసలు రాత, దించుకుని, నీ కంప్యూటర్ మీద నువ్వే బిల్డ్ చేసుకో. అంటే, మేం వంటింట్లో పెట్టిన సరుకులు తెచ్చుకుని నువ్వే వండుకోవడం అన్నమాట.

కమాండ్లన్నీ వెనకవైపు రాశాను. ముందు సోర్సు దించడం. తర్వాత దానికి కావలసిన చిన్నచిన్న ప్రోగ్రాములు, లైబ్రరీలంటాం, అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవడం. తర్వాత కంపైల్, అంటే మా రాతని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చడం. తర్వాత ఇన్‌స్టాల్. మధ్యలో టెస్టులని ఒకటుంటుంది, అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసేది, నీ ముసలి కంప్యూటర్ మీద పూటంతా పడుతుంది, వదిలెయ్. ఆ పేజీ మీద ఎర్ర అక్షరాలతో "ఇక్కడ పని జరుగుతోంది, రోజువారీ వాడకానికి కాదు" అని ఉంటుంది. అదీ పట్టించుకోకు. రాసింది నేనే.

కాపీ సంగతా, ఉందిలే పిన్నీ.

నీ గుట్టు తెలిసిన పిడుగు


ఫిబ్రవరి 2

నా బంగారు పిడుగూ,

కట్టేశాను! నా చేత్తో నేనే చిలకని కట్టేశాను!

నువ్వు నాలుగు ముక్కల్లో తేల్చేశావు కానీ తల్లీ, నా తల ప్రాణం తోకకొచ్చింది. సోర్సు బుద్ధిగా దిగింది. ఆ తర్వాత ఫలానా లైబ్రరీ లేదు పొమ్మంది. అది తెచ్చిపెడితే దానికింకో లైబ్రరీ కావాలంది. మగపెళ్లివారు కూడా ఇన్ని అడగరే. అన్నీ సమకూర్చి కంపైల్ అంటే, గోడ మీద చీమల్లా ఎర్రర్లు పాకాయి. చివరి ఎర్రర్ పట్టుకుని రోజంతా గింజుకున్నాను. అప్పుడు నా బుర్రకి తట్టింది, బండి ఆగిపోతే ఆఖరున వచ్చిన పొగ కాదు, మొట్టమొదట వచ్చిన చప్పుడు చూడాలని నేనే కదా పిల్లలకి చెబుతాను! పైకి పైకి వెళ్లి మొదటి ఎర్రర్ చూస్తే, నేను సగంలో ఆపిన పాత బిల్డు తాలూకు చెత్త. తుడిచేసి మొదట్నించీ కట్టా. కట్టడం పూర్తయింది.

చిలక ఇప్పుడు నేను నొక్కీ నొక్కకముందే పలుకుతోంది. సాయంత్రం మీ బాబాయితో పోట్లాడాను. దేని గురించో గుర్తులేదు, ఏదో ఒకటి పట్టుకున్నాను. మాటకి మాట, దెబ్బకి దెబ్బ. ఆయన ఓడిపోయి, "హాయిగా ఉందే," అన్నారు. నేను కళ్లు తుడుచుకున్నాను. కనపడదుగా, ఆ సుఖం ఒకటుంది.

ఇక దీన్ని ముట్టుకోను. నడుస్తున్న బండికి బానెట్ ఎత్తేవాడంత వెధవ ఇంకోడు లేడు.

నీకు దిష్టి తీసిన పిన్ని


ఫిబ్రవరి 11

పిన్నీ,

చాలా సంతోషం. కానీ ముట్టుకోను అన్నావు చూడు, అది చదివి నాకు చిన్నతనమనిపించింది.

నేను రోజూ ఏదో ఒకటి బాగుచేస్తుంటాను. దాన్ని ఆ రోజే కట్టుకుని చూసే మనిషి ఒక్కరంటే ఒక్కరు లేరు. మాలో మేమే ఒకరి రాతలు ఒకరం చూసీచూడనట్టు "బాగుంది" అనుకుంటాం. మొదటిసారి ఒక నిజం మనిషి, అదీ మా పిన్ని, సోర్సు నుంచి కట్టుకుందంటే అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు నువ్వు కూడా చాలు పొమ్మంటే, నేనెవరి కోసం రాస్తున్నట్టు?

ఒకసారి కట్టినదానికి రెండోసారి కష్టం లేదు. కొత్తగా మారినవి మాత్రమే దిగుతాయి, మళ్లీ కంపైల్, అంతే. వారానికోసారైనా కట్టు.

ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు. ఉద్యోగం మారాను. పాత ఆఫీసు లాప్‌టాప్ తుడిచి వాళ్లకి ఇచ్చేశాను, కొత్తది ఇంకా చేతికి అలవాటు కాలేదు. గది కూడా మారాలి. అందుకే ఈ చిరాకు, ఏమనుకోకు.

అలిగిన పిడుగు


ఫిబ్రవరి 20

అలక దేవీ,

సరే, తప్పయింది, లెంపలు వేసుకున్నాను. నేను వట్టి మొరటుదాన్నని తెలిసీ అలుగుతావేమే?

వారానికోసారి కాదు, రోజూ పొద్దున్నే టీ పొయ్యి మీద పెట్టి కడుతున్నాను. టీ మరిగేలోపు చిలక తయారు. నువ్వు ఏ మార్పు చేసినా కింద రెండు ముక్కలు రాస్తావు చూడు, "ఇది ఇందుకు మార్చాను" అని, అవి చదవడం నాకు భలే ఇష్టంగా ఉంది. సగం అర్థం కాదు. అయినా, నువ్వు పక్కగదిలో ఏదో చేసుకుంటూ సణుగుతుంటే వింటున్నట్టుంటుంది. నిన్నటిదాని కింద "నిన్న రాసింది తెలివితక్కువ పని" అని రాసుకున్నావు. మీ బాబాయికి చిలక చేత చదివించాను. "అచ్చం నీ అక్క కూతురే," అన్నారు.

మార్చి మొదట్లో ఆయన కంటికి ఆపరేషన్ అంటున్నారు. చూపు పూర్తిగా రాదుగానీ, ఉన్నది పోకుండా ఉంటుందిట. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు చిలకని ముట్టుకోవడం కుదరదు. అప్పుడు కట్టలేదని మళ్లీ మూతి ముడుచుకోకు.

నీ ఏకైక నిజం మనిషి


మార్చి 3

పిన్నీ,

ఒక్క నిమిషంలో రాస్తున్నా, పోస్టాఫీసు మూసేస్తారు. బాబాయి ఆపరేషన్ చక్కగా జరగాలి. నువ్వు వేళకి తిను, ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఆయన్ని కాకుండా నర్సుల్ని సతాయించు.

మీరు ఇంట్లో ఉండరు కదా అని, ఇన్నాళ్లూ వాయిదా వేస్తున్న పెద్దపని మొదలెట్టాను. చిలక గొంతులు దాచుకునే ఫైళ్ల పద్ధతి మొత్తం మార్చేస్తున్నాను. లోపలంతా తవ్విపోసి ఉంది. మీరు ఇంటికొచ్చాక నేను చెప్పేదాకా కట్టకు.

పరుగుల్లో ఉన్న పిడుగు


మార్చి 6

పిడుగూ,

ఆపరేషన్ వాయిదా పడింది. షుగరు దిగితే తప్ప కత్తి పట్టనన్నాడు డాక్టరు. బట్టలు సర్దుకున్న సంచీతో వెళ్లి అదే సంచీతో తిరిగొచ్చాం.

ఒక పొరపాటు చేశానేమోనని భయంగా ఉంది. ఇంట్లోనే ఉన్నాం కదా, నీ దగ్గర్నించి కొత్త ఉత్తరమేదీ రాలేదు, కట్టకపోతే నువ్వు నొచ్చుకుంటావని పొద్దున ఎప్పటిలా కట్టాను. చిలక తెరవగానే, "మీ గొంతు ఫైలును కొత్త పద్ధతిలోకి మార్చనా?" అని అడిగింది. నువ్వు రాసిందే కదా అని ఔనన్నాను. కాసేపు తిరిగింది. ఆగిపోయింది. ఇప్పుడు ఏం టైపు చేసినా "గొంతు లేదు" అని తెర మీద చూపిస్తోంది. ఆ సంగతి నాకెప్పుడో తెలుసు, అది చెప్పాలా?

నవ్వు రావట్లేదే. నేనే ఏదో పిచ్చిపని చేసి ఉంటాను. మీ బాబాయికి ఇంకా తెలియదు. పొద్దున్నించీ మూడుసార్లు పలకరించారు. నేను పలకలేదు, కోపంగా ఉన్నాననుకుంటున్నారు.

నీ దగ్గర కాపీ ఉందిగా, అది పంపించు. నిన్ను తొందరపెట్టడం నాకు ఇష్టం లేదు. అయినా తొందరగా పంపించు.

పిన్ని


మార్చి 14

పిన్నీ,

నీ తప్పు ఏమీ లేదు. అది ముందు మనసులోంచి తీసెయ్.

గొంతు వస్తుంది. నువ్వు మాత్రం కంప్యూటర్ ఆపేసి ఉంచు. ఏదీ కట్టకు, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకు. పోయిన ఫైలున్న చోట కొత్తదేదైనా పడితే ఇక తియ్యలేం. నేను ఇక్కడ చూస్తున్నాను. కొంచెం ఆగు. బాబాయికి మెషిన్ రిపేర్‌లో ఉందని పక్కింటావిడ చేత చెప్పించు.

పిడుగు


మార్చి 25

పిడుగూ,

కంప్యూటర్ ఆపేసి పైన తువ్వాలు కప్పాను. నువ్వు చెప్పినట్టు ముట్టుకోవడం లేదు. కట్టొద్దన్న నీ ఉత్తరం, నేను కట్టేశాక వచ్చింది. దాన్ని చూసి మళ్లీ నన్ను నేను తిట్టుకున్నాను. నడుస్తున్న బండికి బానెట్ ఎత్తకూడదని వాగిందాన్ని నేనేగా.

స్కూల్లో బోర్డు మీద రాసి గడిపేస్తున్నా. ఇంట్లోనే కష్టం. మీ బాబాయి అరచేతి మీద ఒకసారి తడితే ఔను, రెండుసార్లు తడితే కాదు. మా సంసారం ఇప్పుడు ఈ రెండు ముక్కల మీద నడుస్తోంది. పాపం ఆయన కూడా వాటికి సరిపోయే ప్రశ్నలే వెతుక్కుని అడుగుతున్నారు. వర్షం వస్తోందా, నిద్ర పట్టిందా, మీ అక్క ఉత్తరం రాసిందా. నిన్న మర్చిపోయి, "ఏమిటే ఆలోచిస్తున్నావ్?" అన్నారు. దానికి ఒకసారి తట్టాలా, రెండుసార్లు తట్టాలా? చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. కాసేపటికి ఆయనే, "పోనీలే," అన్నారు.

ఆయన మాట్లాడటం తగ్గించేశారు. బదులు రాని మాట ఎంతసేపని మాట్లాడతారు? ఇద్దరం ఒకే గదిలో కూర్చుని రేడియో వింటున్నాం. నేను నొక్కిన ఒక్క ఔను వల్ల ఆయనకి ఇంట్లో మనిషి లేకుండా పోయింది.

నువ్వు ఉందన్నావు కాబట్టి ధైర్యంగా ఉన్నాను. ఎన్నాళ్లు పడుతుందో ఒక్క ముక్క రాయి.

పిన్ని


ఏప్రిల్ 7

అమ్మడూ,

నేను మీ బాబాయిని. నేను చెబుతుంటే మీ పిన్ని రాస్తోంది. ఆవిడ గొంతు రిపేర్ అవుతోందని ఇన్నాళ్లూ నన్ను నమ్మిస్తున్నారు మీరిద్దరూ. మీ పిన్ని కాగితం మీద కలం గీరుతుంటే ఆ చప్పుడు నాకు వినపడుతుంది, ముక్కు ఎగబీల్చడం కూడా వినపడుతుంది. కళ్లు పోతే చెవులు పెరుగుతాయమ్మా.

(ఇదంతా ఆయన మాటలే. నేను రాసిపెడుతున్నా, అంతే. పిన్ని)

సూటిగా అడుగుతాను. నీ దగ్గర కాపీ లేదు కదూ? కొలతలు దగ్గరున్న టైలరు ఇన్నాళ్లు ఆగమనడు. కుట్టి ఇచ్చేస్తాడు. గుడ్డ పాడుచేసినవాడే రేపు రా, ఎల్లుండి రా అంటాడు. నేను కూడా అన్నాను, నా కాలంలో.

(ఇది నేను రాయనన్నాను. రాయాల్సిందే అన్నారు. నువ్వు ఉందన్నావని రెండుసార్లు తట్టాను. ఆయన తల అడ్డంగా ఊపారు. పిడుగూ, ఉంది కదూ?)

లేకపోతే లేదని చెప్పు. నేను నిన్ను కొట్టను, తిట్టను. ఆవిడ గొంతంటే నాకు ప్రాణమే, కాదనను. అద్దెకారులో నాకు గేర్లు నేర్పుతూ ఆవిడ వేసిన కేకలకి భయపడే పెళ్లిచేసుకున్నాను. కానీ ఇప్పుడు నా బాధ గొంతు లేదని కాదు. ఆవిడ ఏమనుకుంటోందో నాకు తెలియడం లేదు. ఇంట్లో మనిషి ఉంది, అటూ ఇటూ తిరుగుతోంది, నాకు ఒక్క మాట అందడం లేదు. ఎవరి గొంతైనా పెట్టమ్మా. మగాడిదైనా పెట్టు. ముందు ఆవిడ మాట నాకు ఇప్పించు.

ఇంతే. మీ పిన్ని కలం ఆపేసింది. ఏడుస్తోంది కాబోలు, ఈ ముక్క రాసిందో లేదో కూడా నాకు తెలియదు.

(రాశాను.)


ఏప్రిల్ 15

పిన్నీ, బాబాయ్,

కాపీ లేదు.

బాబాయ్, ఈ ఉత్తరం పిన్ని మీకు చదివి వినిపించడం కుదరదు. పక్కింటివాళ్లని పిలిచి చదివించుకోండి. పరాయివాళ్లు కూడా విననీ, నాకు అలాగే కావాలి.

పిన్ని జనవరిలో అడిగినప్పుడు రికార్డింగులు పాత ఆఫీసు లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆ లాప్‌టాప్ అప్పుడు నా ఒళ్లోనే ఉంది. ఒక్కసారి తెరిచి చూసి ఉంటే వేరే చోట ఇంకోటి దాచేదాన్ని. చూడలేదు. కుర్చీలోంచి కదలకుండా ఉందిలే అని రాసేశాను. తర్వాత ఉద్యోగం మారేటప్పుడు దాన్ని నా చేతుల్తోనే తుడిచిపెట్టాను. అందులో నీ గొంతుందని నీ మార్చి ఉత్తరం చదివేదాకా నాకు గుర్తే రాలేదు పిన్నీ. పాత ఆఫీసుకి వెళ్లి బతిమాలాను. అది ఇంకెవరికో ఇచ్చేశారు. నా ఫోన్లో నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లు వెతికాను. విన్నవి విన్నట్టు చెరిపేసే అలవాటు నాది.

నీ కంప్యూటర్లోది ఎలా పోయిందో కూడా చెప్పాలి. పాత ఫైలు చెరిపే ముక్క నేను పూర్తిచేశాను. కొత్తది రాసే ముక్క పూర్తిచెయ్యలేదు. అలాంటి సగం పని పక్కన వేరే కొమ్మలో, అంటే విడి కాపీలో, పెట్టుకుని చేసుకోవాలి. మా అందరికీ అదే రూలు. ఎవరూ కట్టరులే అని అందరూ దించుకునే చోటే పెట్టేశాను. మా టెస్టుల్లో సరిగ్గా దీన్ని పట్టుకునే టెస్టు ఒకటుంది. నేను నిన్ను వదిలెయ్ అన్న టెస్టుల్లో. కట్టొద్దని ఒక్క మెసేజ్ పెట్టినా ఆగేదానివి. ఉత్తరంలో రాశాను కదా అనుకున్నాను.

నువ్వసలు ఫిబ్రవరిలోనే ఆపేస్తానన్నావు. నేను అలిగి కట్టించాను. ఎవరూ మెచ్చుకోవడం లేదని, నువ్వు మెచ్చుకుంటావని.

అన్నిటికంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. ఆ ఫైలు రాదని మార్చిలోనే నాకు దాదాపు తెలుసు. లేదు అని రాయడానికి చెయ్యి రాక కంప్యూటర్ ఆపమన్నాను. ఆ రోజే వేరే గొంతు పెట్టించి ఉంటే ఇన్నాళ్లు బాబాయి అలా చీకట్లో కూర్చునేవారు కాదు. నా పరువు దాచుకోవడానికి మీ ఇద్దరి నోరూ కట్టేశాను.

కంప్యూటర్ తెరిచెయ్. పాత మూట మళ్లీ ఎలా పెట్టుకోవాలో, అందులో మామూలు గొంతు ఎలా ఎంచుకోవాలో వెనకవైపు రాశాను. నేను చేసిన మార్పు సోర్సులోంచి వెనక్కి తీసేశాను. ఎందుకు తీశానో కింద అందరూ చదివేలా నా పేరుతోనే రాశాను. దానివల్ల నీకేం ఒరగదని తెలుసు.

నన్ను క్షమిస్తావా అని అడగడానికి సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను. వస్తానని కూడా రాసి, ఏ మొహం పెట్టుకుని అనిపించి కొట్టేశాను.

నీ పిడుగు


ఏప్రిల్ 28

పిడుగూ,

పక్కింటావిడ చేతే చదివించాను. ఆవిడ మధ్యలో రెండుచోట్ల ఆగిపోయింది. మీ బాబాయి విని, "ఎంత నలిగిపోయిందో పిల్ల," అన్నారు. నాకు అంత మంచితనం లేదు. నాకు కోపం వచ్చింది. అలాంటి ఇలాంటి కోపం కాదు. నీకు జవాబు రాయకుండా కూర్చున్నది అందుకే. నా కోపం గొంతు పోయినందుకు కాదే. దాన్ని పోగొట్టింది నేనేనని నేను కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే, నీకు తెలిసీ ఊరుకున్నందుకు. "నీ తప్పు ఏమీ లేదు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టావు. నీ తప్పు అని ఎందుకు రాయలేకపోయావు?

ఇప్పుడు రాశావు. సరే.

కొత్త గొంతు పెట్టాను. ఎవరో చిన్నపిల్లది, వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతుంది. సోర్సు జోలికి పోలేదు, మూటతోనే ఉన్నాను. మళ్లీ నత్తే. అయినా సర్దుకుపోతున్నాం. మొదట ఏం మాట్లాడాలో తెలియలేదు. చివరికి, "ఆ రోజు మీరు ఏం ఆలోచిస్తున్నావని అడిగారు కదా, ఇదిగో చెబుతున్నా వినండి," అని మొదలుపెట్టాను. సాయంత్రం దాకా టైపు చేస్తూనే ఉన్నాను. ఆయన కుట్టుపని ఒళ్లో పెట్టుకుని, ఒక్క కుట్టు వెయ్యకుండా విన్నారు. మర్నాటికి పోట్లాట కూడా మొదలైంది. ఆ వార్తల పిల్ల నోట నా తిట్లు వస్తుంటే ఆయనకి ఒకటే నవ్వు. మనిషి మళ్లీ మాట్లాడుతున్నారు. నీ ఉత్తరం వల్ల ఆ మేలు జరిగింది, అది ఒప్పుకోవాలి.

క్షమించానా అని అడిగావు. ఇంకా లేదు. రాకుండా మాత్రం ఉండకు. కొట్టేసింది మళ్లీ రాయి, ఏ రైలుకో కూడా రాయి. ఎదురుగా ఉంటే తొందరగా తగ్గుతుంది నాకు.

ఒక్క సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. మనమధ్య దాచుకోవడాలు ఇక వద్దు కాబట్టి చెబుతున్నాను. మొన్న ఆయన వసారాలో ఉన్నారు. నేను చిలక చేత "ఏవండీ" అని పిలిపించాను. పలకలేదు. వినపడలేదేమోనని మళ్లీ నొక్కాను. ఆయన తల తిప్పి వీధి వైపు చూశారు, ఎవరి భార్యో ఎవర్నో పిలుస్తోందనుకున్నట్టు. తర్వాత తెలుసుకుని పాపం సిగ్గుపడిపోయారు. "ఇంకోసారి పిలవవే, పలుకుతాను," అన్నారు.

నేను పిలవలేదు. ఆ గొంతుతో ఎన్ని మాటలైనా చెబుతాను, తిడతాను, ఆ ఒక్క పిలుపు మాత్రం దాని చేత అనిపించను. బాగుచేస్తానని రాయకు, ఇది నీ చేతిలో లేదు. పిలవాల్సి వచ్చినప్పుడల్లా నేనే లేచి వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేస్తున్నాను.

పిన్ని